సముద్రం కనిపించని విల్లా

మధ్యధరా సముద్రం ఒడ్డున, స్పెయిన్ నుంచి ఇటలీ దాకా, విదేశీయులు కొన్న విల్లాల్లో సగం నా చేతుల మీదుగానే వెళ్ళాయని మా డిట్రాయిట్ తెలుగువాళ్ళలో ఒక మాట ఉంది. ఆ మాట పుట్టించింది నేనే. ఇటలీలో నేను దిగింది ఒకే ఒక్కసారి, అదీ విమానం మారడానికి. అసలు అమ్మడం నా పని కాదు. కొనబోయేవాళ్ళ తరఫున వెళ్ళి గోడలు తట్టి, కప్పు ఎక్కి, పంపులు తిప్పి, మూసి ఉంచిన అల్మారాల్లో తల దూర్చి వాసన చూసి రావడం నా పని. డెబ్బైల చివర్లో మొదలుపెట్టి ఎనభైలన్నీ అదే చేశాను.

ఈమధ్య పార్సిప్పనీ అనే ఊరి నుంచి మా స్నేహితుడి కూతురు ఫోన్ చేసింది. కొత్తగా రియల్ ఎస్టేట్ లైసెన్స్ తీసుకుందట. "అంకుల్, మీరు ఓవర్సీస్ విల్లాస్ చేశారు కదా. నాకు కూడా అలాంటి క్లయింట్స్ వస్తున్నారు. ఏం చదవాలి, ఎక్కడ స్టార్ట్ చేయాలి?" అని అడిగింది. చదవాల్సినవి ఆ పిల్లకు నాకంటే బాగా తెలుసు. చట్టాలు మారిపోయాయి, నేను చెబితే పాతవే చెబుతాను. కొనేవాళ్ళు మాత్రం మారలేదు. అందుకని వాళ్ళ గురించే రాస్తున్నాను.

అట్టపెట్టె

మాది అనంతపురం జిల్లా. సివిల్ ఇంజినీరింగ్ చదివి మిషిగన్ వచ్చి, కార్ల ఫ్యాక్టరీల భవనాలు చూసుకునే ఉద్యోగంలో చేరాను. పెట్రోలు ధర పెరిగి పెద్ద కార్లు అడిగేవాళ్ళు తగ్గిపోయాక ఫ్యాక్టరీలు మనుషుల్ని ఇళ్ళకు పంపడం మొదలుపెట్టాయి. నేను రాజీనామా బల్ల మీద కొట్టి వచ్చేశానని చాలాకాలం చెప్పుకున్నాను. జరిగిందేమిటంటే, ఒక శుక్రవారం మధ్యాహ్నం నా చేతికి ఖాళీ అట్టపెట్టె ఇచ్చి, బల్ల మీద ఉన్నవి అందులో సర్దుకోమన్నారు.

అప్పుడు దొరికింది మార్జరీ. ఫార్మింగ్టన్ హిల్స్‌లో లాండ్రీకీ, డోనట్ల కొట్టుకీ మధ్య చిన్న ఆఫీసు ఆవిడది. కిటికీ బయట మోకాలెత్తు మంచు, లోపల గోడ నిండా నీలి సముద్రం పోస్టర్లు. కార్ల కంపెనీల్లో పెద్ద ఉద్యోగాలు చేసి రిటైరైనవాళ్ళకు స్పెయిన్ దక్షిణ తీరంలో విల్లాలు కొనిపెట్టేది. అంతకు ముందు ఏడాది ఆవిడ కొనిపెట్టిన ఒక ఇంట్లో వరండా కప్పు కూలి, భోజనాల బల్ల మీద పడింది. అదృష్టం కొద్దీ ఎవరూ భోజనం చేయడం లేదు.

"నాకొక ఇంజినీర్ కావాలి. అబద్ధం చెప్పే అలవాటు ఉండకూడదు" అంది.

ఆ అలవాటు నాకు బొత్తిగా లేదని తడుముకోకుండా చెప్పాను. ఉద్యోగం ఇచ్చింది.

మార్జరీకి ఒకటే నియమం. "చూసింది చెప్పు. కొనమనీ చెప్పకు, వద్దనీ చెప్పకు." కోర్టు కేసులకు భయపడి అలా అంటోందని మొదట్లో అనుకున్నాను. ఆ భయమూ ఉంది, కాదనను. కానీ కొన్నేళ్ళు ఆవిడ దగ్గర పనిచేశాక ఇంకొకటి అర్థమైంది. ఇల్లు నచ్చిన మనిషికి వద్దని చెబితే, ఆ క్షణం నుంచి అతను ఇంటి తరఫు వకీలైపోతాడు. మనం పగుళ్ళు చూపిస్తే అతను గోడకు సాక్ష్యం చెబుతాడు. అదే, పగులు చూపించి నోరు మూసుకుంటే, ఆ పగులు అతనితో హోటల్ దాకా వస్తుంది, అన్నం దగ్గర కూర్చుంటుంది.

ఆవిడ గొప్ప యజమానురాలేమీ కాదు. సెలవు అడిగితే మొహం మాడ్చుకునేది, కాఫీ డబ్బాకు తాళం వేసేది. ఆ నియమం ఒక్కటీ చాలు, నేను ఆవిడను తలుచుకోవడానికి.

సెలవుల్లో ఉన్న మనిషి

హెరాల్డ్ అని ఒకాయన, ఫ్యాక్టరీలో పెయింటు విభాగం నడిపిన మనిషి. జూన్‌లో భార్యతో వెళ్ళి, సముద్రానికి ఎదురుగా తెల్లటి ఇల్లు చూసి, అక్కడే వరండాలో చెప్పులు విప్పేశాడు. చెప్పులు విప్పిన కొనుగోలుదారుణ్ణి దేవుడు కూడా ఆపలేడు. నేను వెళ్ళి అంతా చూశాను. కప్పు గట్టిది, గోడలు గట్టివి, నీళ్ళ ఒత్తిడి బాగుంది. అలాగే రాసిచ్చాను.

జనవరిలో ఆయన దగ్గర నుంచి ఫోన్. "మిషిగన్‌లో మంచు బయట ఉంటుందయ్యా. ఇక్కడ చలి ఇంట్లో ఉంది" అన్నాడు. నేల మొత్తం పాలరాయి, ఎత్తైన గదులు, వెచ్చబరిచే ఏర్పాటు ఒక్కటీ లేదు. ఆ ఇల్లు కట్టింది వేసవికి. ఊళ్ళో రొట్టెల కొట్టు కూడా వేసవికే తెరుస్తారట. మొగుడూ పెళ్ళాలు కోట్లు వేసుకుని వంటగదిలో ఓవెన్ తలుపు తీసి దాని ముందు కూర్చున్నారు.

నేను చూసిన గోడల్లో తప్పు లేదు. నేను చూడనిది కాలెండరు. ఇల్లు కొనేవాడు సెలవుల్లో ఉన్న మనిషి. ఆ ఇంట్లో ఉండబోయేవాడు వేరే మనిషి. ఇద్దరికీ ఒకే పేరు ఉండటం వల్ల మనం మోసపోతాం. ఆ తర్వాత ప్రతి ఇంటినీ దాని చెడ్డ నెలలో ఊహించుకుని చూడటం నేర్చుకున్నాను.

సైన్యం అనుమతి

విదేశీయుడు అక్కడ ఇల్లు కొనాలంటే మన సినిమాల్లో చూపించినట్టు తాళంచెవి చేతిలో పెట్టరు. మా రోజుల్లో కొన్ని తీర ప్రాంతాల్లో సైన్యం అనుమతి కావలసి వచ్చేది. పడకగదులు, ఈత కొలను, నిమ్మచెట్లు ఉన్న ఇంటికి ఎవరో కల్నలు సంతకం కోసం నెలల తరబడి ఎదురుచూడాలి. "నేను కొనేది ఇల్లా, కోటా?" అని ఒక క్లయింటు మా ఆఫీసులో కేకలు వేశాడు. మార్జరీ తాళం తీసి అతనికి కాఫీ ఇచ్చింది. అంతటి కేక అది.

ఇంకొకటి. దస్తావేజులో ఉన్న ఇల్లు వేరు, నేల మీద ఉన్న ఇల్లు వేరు. ఈత కొలను కాగితం మీద ద్రాక్షతోటగా ఉంటుంది. పై అంతస్తు అసలు ఉండదు. మెట్లు ఎక్కి లేని అంతస్తులో నిలబడి సముద్రం చూస్తుంటాం. అమ్మేవాళ్ళు దీన్ని మోసమనుకోరు. ఊరంతా అలాగే ఉంటే మోసమెలా అవుతుంది? కొనేవాడే అడగాలి, కాగితం పట్టుకుని ఇంటి చుట్టూ నడవాలి. చివరికి నోటరీ ముందు అందరూ కూర్చుంటే, ఆయన దస్తావేజు మొత్తం గొంతెత్తి చదువుతాడు, పక్కన ఒకరు ఇంగ్లీషులో చెబుతుంటారు. అక్కడ నిద్రపోకూడదు. నేను ఒకసారి నిద్రపోయాను.

డాక్టరుగారి దిక్సూచి

ఇక డాక్టర్ గోపాలరావుగారు. మాకు దగ్గర్లోనే ఉండేవారు. ఆపరేషన్లప్పుడు మత్తు ఇచ్చే డాక్టరు. గుడివాడ దగ్గర ఊరు. మంచి మనిషి, కొంచెం పంతం. ఆయన స్నేహితుడు రావుగారు ఫ్లోరిడాలో ఇల్లు కొన్నారు కాబట్టి ఈయన ఫ్లోరిడాలో కొనడానికి వీల్లేదు.

"ఫ్లోరిడా ఏముందండీ, మన నెల్లూరే. ఉక్క, దోమలు. దానికి అంత దూరం పోవడం దేనికి?" అని మా ఇంట్లో కాఫీ తాగుతూ కొట్టిపారేశారు.

కానీ అసలు సంగతి పంతం కాదు. ఆయన భార్య వరలక్ష్మిగారికి కీళ్ళవాతం. అంతకు ముందు చలికాలం ఇంటి ముందు మంచు మీద జారిపడ్డారు. అప్పటి నుంచి డిసెంబరు వస్తే ఆవిడ గడప దాటడం మానేశారు. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, వీధిలో మంచు తోసే బండి వెళ్ళడం చూస్తూ వసంతం దాకా కూర్చోవడమే. ఏప్రిల్‌లో డాక్టరుగారు సెలవు పెట్టి స్పెయిన్ తీసుకెళితే, ఆవిడ అక్కడ ఎండలో ఇసుక మీద నడుస్తూ నడుస్తూ చేతికర్ర ఎక్కడో మరిచిపోయి వచ్చారట. ఆ కర్ర వెతకడానికి వెళ్ళిన డాక్టరుగారు, అక్కడే ఇల్లు కొనాలని నిశ్చయించుకుని తిరిగొచ్చారు. "వచ్చే చలికాలం నువ్వు బయట నడుస్తావు" అని ఆవిడకు మాటిచ్చారు.

అందుకే ఇంజినీరుగా ఈసారి నేను చూడాల్సింది ఒకటే: ఆవిడ జనవరిలో బయటికొచ్చి నడవగలరా?

ముగ్గురం వెళ్ళాం. అక్కడ ఇళ్ళు చూపించే ఆవిడ పేరు పిలార్. ఓపికకు మారుపేరు. మొదటి ఇల్లు కొండవాలు మీద, తెల్లగా, దక్షిణం వైపు పెద్ద వరండా, వరండా కింద మెట్లు, మెట్ల కింద సముద్రం. వరలక్ష్మిగారు వరండాలో ఎండలో నిలబడి కళ్ళు మూసుకున్నారు. డాక్టరుగారు జేబులోంచి ఏదో తీసి చూసుకుని, "పదండి" అన్నారు.

రెండో ఇల్లూ అంతే. మూడోదీ అంతే. పిలార్ నన్ను పక్కకు పిలిచింది. "మీ డాక్టరుగారు ప్రతి ఇంట్లోకీ రాగానే గడియారం చూసుకుని వెళ్ళిపోతున్నారు. ఎవరితోనైనా అపాయింట్‌మెంట్ ఉందా?"

అది గడియారం కాదు, దిక్సూచి. విజయవాడలో ఉన్న ఆయన బావగారు, అంటే అక్కగారి భర్త, వాస్తు బాగా తెలిసినాయన, బయల్దేరేముందు షరతులు చెప్పి పంపారు: దక్షిణం పల్లం ఉండకూడదు, దక్షిణాన నీరు అసలే ఉండకూడదు, నైరుతి ఎత్తుగా ఉండాలి, నీరుంటే ఈశాన్యంలోనే. స్పెయిన్ దక్షిణ తీరమంతా ఉత్తరాన కొండలు, దక్షిణాన సముద్రం. ఆ దేశాన్ని దేవుడు ఆ బావగారిని అడగకుండా కట్టాడు.

హోటల్ లాబీలో నుంచి విజయవాడకు ట్రంక్‌కాల్. గంటలకొద్దీ కూర్చుంటే లైన్ దొరికేది. "బావగారూ! సముద్రం దక్షిణానండీ! ద-క్షి-ణా-న!" అని డాక్టరుగారు అరుస్తుంటే కాఫీ తాగుతున్న జర్మన్లు కప్పులు దించేవారు.

"ఏవండీ, సముద్రాన్ని కొంచెం పక్కకు జరపమని అడక్కపోయారా బావగారిని?" అన్నారు వరలక్ష్మిగారు.

"నువ్వూరుకో. కొనేది ఒకసారి."

"చూసేది కూడా ఒకసారే అనుకున్నాను."

ఈశాన్యంలో నీరు

చివరికి దొరికింది. ఊరికి కొంచెం ఎడంగా, చదును నేలలో ఇల్లు. తూర్పు గుమ్మం. నైరుతి నుంచి దక్షిణం దాకా చిన్న గుట్ట. ఈశాన్యం నుంచి ఒక ఇసుక బాట వచ్చి, ఇంటి మూలకు దగ్గరగా మలుపు తిరిగి, తూర్పు పక్కగా సముద్రం వైపు పోతోంది. బాటకు రెండు వైపులా గులాబీరంగు గన్నేరు విరగబూసి ఉంది. పిలార్ కారు ఆ ఇసుక మీదే వచ్చింది.

"ఇది దారేనా?" అని అడిగారు డాక్టరుగారు.

"దారే. వానలు బాగా పడ్డప్పుడు కొంచెం నీళ్ళు వస్తాయి. ఎప్పుడో" అంది పిలార్, గాలిలో చెయ్యి ఊపి.

"ఈశాన్యంలో నీరు!" డాక్టరుగారు దిక్సూచి మూసి జేబులో పెట్టారు. పెళ్ళిచూపుల్లో పిల్ల నచ్చిన మొహం.

నైరుతి గుట్ట అడ్డం ఉండటంతో సముద్రం కనిపించదు. మధ్యధరా తీరంలో విల్లా కొంటూ, మధ్యధరా కనిపించనిది ఏరికోరి కొన్న మొదటి మనిషి ఆయనే అయ్యుంటారు. అయితే ఒక్క మాట ఒప్పుకోవాలి. మెట్లు లేవు. గుమ్మం నుంచి ఇసుక బాట మీద చదునుగా నడిచి సముద్రం దాకా వెళ్ళొచ్చు. వరలక్ష్మిగారి మోకాళ్ళకు ఇంతకంటే మంచి ఇల్లు లేదు. ఆవిడ కూడా ఆ దారిని ఆశగానే చూశారు.

నేను ఆ దారిని వేరేగా చూశాను. అనంతపురం జిల్లా మనిషిని. దాన్ని మా దగ్గర వంక అంటారు. ఏడాది పొడుగునా ఇసుక. పిల్లలు ఆడుకుంటారు, ఎద్దుల బండ్లు తోలతారు, గట్టున గన్నేరు పూస్తుంది. ఎక్కడో కొండల్లో వాన కురుస్తుంది, ఇక్కడ ఆకాశం నీలంగానే ఉంటుంది, అంతలో ఒక మోత వినిపిస్తుంది. ఆ తర్వాత నీళ్ళు, ఆ నీళ్ళలో చెట్లు, గొర్రెలు. డాక్టరుగారిది కృష్ణా డెల్టా. వాళ్ళ నీళ్ళు కాలవలో వస్తాయి, లాకు ఎత్తితే వస్తాయి, దించితే ఆగుతాయి. నీళ్ళంటే ఆయనకు చెప్పిన మాట వినే పాడి ఆవు. నీళ్ళకు భయపడమని ఆయనకు ఎలా చెప్పడం? ఆయన కళ్ళకు కనిపిస్తున్నది ఇసుక. బావగారి లెక్కలో అది శుభం. ఇల్లు మలుపు బయటి వైపున ఉంది. వంక ఎప్పుడైనా మలుపు బయటి గట్టునే తింటుంది.

చూసింది చెప్పాలి, వద్దని చెప్పకూడదు. చూసింది చెప్పాను. "డాక్టరుగారూ, ఇది వాగు లాంటిది. మలుపు దగ్గర కోత ఉంటుంది."

"ఎండిపోయిందిగా?"

అక్కడ నేను తెలివికి పోయాను. ఆయన భాషలోనే చెబుదామని, "అది సరే, ఆ బాట సూటిగా మన మూల మీదకే వస్తోంది. ఇది వీధిపోటు కాదూ? వీధి వచ్చి ఇంటిని పొడిస్తే మంచిది కాదంటారుగా" అన్నాను. డాక్టరుగారి మొహం వాడిపోయింది. నా భుజం నేనే తట్టుకున్నాను.

సాయంత్రం విజయవాడ లైన్ దొరికింది. డాక్టరుగారు చాలాసేపు విని, వెలిగిపోతూ వచ్చారు. "శేషాద్రిగారూ! మీ నోటి చలవ. ఈశాన్యం వీధిపోటు మహా మంచిదటండీ! మిగతా దిక్కుల్లో అయితే కీడు, ఈశాన్యంలో అయితే ఐశ్వర్యమట. వెంటనే కొనమన్నారు బావగారు!"

తెలియని శాస్త్రంలో వేలు పెట్టకండి. ఈ పాఠం నాకు ఖరీదు లేకుండా రాలేదు; ఆ రాత్రి భోజనంలో ఆయన నాకు రెండోసారి ఐస్‌క్రీమ్ తెప్పించారు, మర్యాదగా తినాల్సి వచ్చింది.

ఆలివ్ చెట్టు

మర్నాడు పొద్దున డాక్టరుగారూ పిలారూ అడ్వాన్సు కాగితాల కోసం ఊళ్ళోకి వెళుతూ, వరలక్ష్మిగారినీ నన్నూ ఆ ఇంటి దగ్గర దించారు. ఆవిడ ఇసుకలో కర్ర ఆనించుకుంటూ కొంతదూరం నడిచి ఆగారు.

"అన్నయ్యగారూ, నిన్న మీ మొహం చూశాను. వీధిపోటు మీకు అక్కర్లేని విషయం. ఏదో చెప్పబోయి మింగారు."

"చూసింది చెప్పడమే నా పనమ్మా."

"అన్నయ్యగారూ అని పిలుస్తున్నాను కదా. మీ సొంత చెల్లెలినైతే ఇక్కడ దించి వెళ్ళిపోతారా?"

ఇక్కడ మార్జరీ నియమాన్ని పక్కకు నెట్టి, వంక గురించి గంటసేపు మాట్లాడి ఆవిడ కళ్ళు తెరిపించానని పార్టీల్లో చెబుతుంటాను. నేనేమీ మాట్లాడలేదు. గట్టు మీద ఒక ముసలి ఆలివ్ చెట్టు ఉంటే దాని కిందకు తీసుకెళ్ళి, పైకి చూడమన్నాను.

మా తలల మీద, చెయ్యెత్తినా అందని కొమ్మల్లో, ఎండిన రెల్లూ గడ్డీ చిరిగిన గోనెపట్టా ముద్దగా చిక్కుకుని ఉన్నాయి.

"పిట్టగూడా?" అన్నారు.

ఆవిడ ఆ ముద్దను చూశారు. తర్వాత ఇంటి కిటికీలను చూశారు. కిటికీల కంటే ఆ ముద్ద ఎత్తులో ఉంది. గట్టు మీద కూర్చుని కొంచెంసేపు మోకాళ్ళు నిమురుకున్నారు.

"పిట్టలు గోనెపట్టా తీసుకురావు కదూ" అన్నారు.

మధ్యాహ్నం భోజనం దగ్గర డాక్టరుగారు కలం తీశారు. వరలక్ష్మిగారు ఆ కలం తీసుకుని తన పళ్ళెం పక్కన పెట్టుకున్నారు.

"మొదటి రోజు చూశామే, వరండా ఇల్లు. అది కొందాం."

"అది దక్షిణం పల్లం! పైగా మెట్లు! నువ్వెలా ఎక్కుతావు?"

"ఆగి ఆగి ఎక్కుతాను. మెట్టు ఎక్కడికీ పోదు, నాకోసం ఆగుతుంది. ఈ మోకాళ్ళతో నీళ్ళ ముందు మాత్రం పరిగెత్తలేనండీ."

"నీళ్ళెక్కడున్నాయే అక్కడ?"

"చెట్టు మీద ఉన్నాయి. తినేసి రండి, చూపిస్తాను."

వెళ్ళి చూశారు. డాక్టరుగారు చెట్టు కింద నిలబడి దిక్సూచి తీశారు, ఎందుకో ఆయనకే తెలియదు, మళ్ళీ జేబులో పెట్టేశారు.

"మరి బావగారికి ఏం చెప్పను?"

"లైన్ దొరకలేదని చెప్పండి."

తూర్పు గుమ్మం

వరండా ఇల్లే కొన్నారు. సైన్యం అనుమతి వచ్చేసరికి శీతాకాలం సగం అయిపోయింది. నోటరీ దస్తావేజు చదివే రోజున నేనూ ఉన్నాను, మెలకువగానే. అక్కడ ఆడవాళ్ళు పెళ్ళయ్యాక కూడా పుట్టింటి పేరే ఉంచుకుంటారు కాబట్టి, నోటరీ వరలక్ష్మిగారిని ఆవిడ పుట్టింటి పేరు అడిగాడు. ఆవిడ తన ఇంటిపేరు చెప్పి, ఆయన దాన్ని గొంతెత్తి వంకరటింకరగా చదువుతుంటే, స్కూల్లో హాజరు పిలిచినప్పుడు లేచినట్టు కొంచెం సర్దుకుని కూర్చున్నారు. డాక్టరుగారు నా వైపు తిరిగి, "ఇది కూడా రాయాలా?" అన్నారు. రాశారు.

బావగారికి పరిహారంగా డాక్టరుగారు తూర్పు గోడ కొట్టించి గుమ్మం పెట్టించారు. ఆ గోడ సామాన్ల గదిది. అందుచేత ఆ విల్లాకు వచ్చే అతిథులు ఉల్లిపాయల జడల కింద వంగి, నూనె డబ్బాల మధ్య నుంచి లోపలికి రావాలి. అంత మంచి దక్షిణ ద్వారం గడియ వేసి ఉంచాలని ఆయన శాసనం.

రెండేళ్ళ తర్వాత ఆ తీరంలో పెద్ద వాన కురిసింది. వంక పొంగి, గుట్ట పక్క ఇల్లు పునాదులతో సహా సముద్రంలో కలిసింది. ఫార్మింగ్టన్ హిల్స్ పార్టీల్లో నేను కథ ఇలా ముగిస్తాను. పక్కన డాక్టరుగారుంటే, "తలుపులు తేలుతూ పోయాయండీ" అని ఆయన కూడా కథకు ఒక తలుపు కలుపుతారు. రావుగారు తన ఫ్లోరిడా ఇంటి గురించి దిగులుపడతారు.

అదేం జరగలేదు. కొన్నేళ్ళకు, ఒక జనవరిలో, వేరే క్లయింటు పని మీద వెళ్ళినప్పుడు నేనే నడిచి వెళ్ళి చూశాను. ఒక జర్మన్ జంట కొనుక్కున్నారట. కిటికీలకు నీలం రంగు వేశారు. ఉతికిన బట్టలు ఆరేసి ఉన్నాయి. వంకలో వాళ్ళ కుక్క ఇసుక తవ్వుతోంది. ఆలివ్ కొమ్మల్లో ఆ ముద్ద అలాగే ఉంది. అందులో నిజంగానే పిట్ట గూడు కట్టిందని రాద్దామనుకున్నాను. కట్టలేదు.

పార్సిప్పనీ అమ్మాయికి ఇది చెప్పాలి. ఈ వృత్తిలో తప్పు చేస్తే కప్పు కూలి ఊరందరికీ తెలుస్తుంది. ఒప్పు చేస్తే ఏమీ జరగదు. ఏమీ జరగకపోవడమే నువ్వు చేసిన పని, కానీ దాన్ని ఎవరికీ చూపించలేవు. ఎప్పుడో ఒకసారి వరద రావాలని నీకే మనసులో అనిపిస్తుంది. అనిపించినందుకు సిగ్గుపడక్కర్లేదు. వెళ్ళి చూసి రా.

అక్కడి నుంచి డాక్టరుగారి ఇంటికి వెళ్ళాను. తూర్పు గుమ్మం తట్టాను. "రండి రండి, తల జాగ్రత్త" అంటూ తలుపు తీశారు. ఉల్లిపాయల కింద వంగి లోపలికి వెళితే, దక్షిణ ద్వారం బార్లా తెరిచి ఉంది. ఎండ హాలు సగం దాకా పరుచుకుని ఉంది.

"ఇది మూసి ఉండాలి కదండీ?"

"నేను తూర్పు నుంచి వస్తాను. ఆవిడ దక్షిణం నుంచి పోతుంది. బావగారు అడిగితే నా సంగతి చెబుతాను" అన్నారు డాక్టరుగారు, వంటింట్లోకి వెళుతూ.

వరలక్ష్మిగారు వరండాలో చెప్పులు వేసుకుంటున్నారు. "ఏం అన్నయ్యగారూ, అటు నుంచే వస్తున్నారా? ఇల్లు ఉందా?"

"ఉందమ్మా. కిటికీలకు రంగు కూడా వేశారు."

"కొట్టుకుపోలేదని దిగులా?"

"కొంచెం."

ఆవిడ నవ్వారు. "ఉండనివ్వండి పాపం. నేనక్కడ ఉంటే మబ్బు పట్టినప్పుడల్లా లేచి కూర్చునేదాన్ని. ఊరందరినీ నిద్రపుచ్చే మనిషి పక్కన నాకు నిద్ర ఉండేది కాదు."

కర్ర చేతికి తగిలించుకుని మెట్లు దిగడం మొదలుపెట్టారు. మిషిగన్‌లో ఆ వేళకు మంచు తోసే బండి వస్తుంటుంది. ఇక్కడ ఆవిడ ఒక్కో మలుపు దగ్గర ఆగి, ఊపిరి తీసుకుని, మళ్ళీ దిగుతున్నారు. ఇసుక మీద కాలు పెట్టేదాకా నేను వరండాలోంచి చూస్తూ నిలబడ్డాను. ఎన్ని మెట్లని మాత్రం నన్ను అడగకండి. పెంచి చెబుతాను.